తవకాలంలో సీసా

చర్చి ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్ళని మేము క్షమించినట్టు అనే క్షమాపణ వాక్యం వచ్చినప్పుడు ఎస్తేరు నోరు మూసుకునేది. మిగిలిన ప్రార్థనంతా గొంతెత్తి చెప్పేది. ఆ ఒక్కచోట పెదాలు బిగిసిపోయేవి. పక్కవాళ్ళు ఆ మాట దాటాక మళ్ళీ అందుకునేది. పద్దెనిమిదో ఏట పట్టుకున్న అలవాటు అది. మొదట్లో తల్లి చెంచమ్మ మోచేత్తో పొడిచేది. తర్వాత ఆమే మానేసింది.

పళ్ళిపట్టు నుంచి తిరుత్తణి పోయే బస్సు దారిలో ఏటి ఇసుక కనిపించే మలుపు దాటితే, రోడ్డుకు ఎడమన ఊరు, కుడిన కాలనీ. ఊరంటే వాసుదేవ, ఆయన బంధుబలగం, చెరకు తోటలు, ట్రాక్టర్లు. కాలనీ అంటే ఎనభై గడపలు, రేకుల కప్పు వేసిన చర్చి. రోడ్డుకు రెండు పక్కలా తెలుగే మాట్లాడతారు. బడిలో మాత్రం అందరూ తమిళమే చదువుకున్నారు. ఎస్తేరు నాన్న తంగరాజు ఇరవై రెండేళ్ళు రోడ్డు దాటి పోయి వాసుదేవ చేలో నీళ్ళు కట్టాడు.

తంగరాజు తాగేవాడు. దాచాల్సిన పని లేదు. శనివారం సాయంత్రం తాగొచ్చి, కూతురి లెక్కల పుస్తకం ముందు వేసుకుని, తనకు అర్థం కాని లెక్కలన్నిటికీ వేలితో మార్కులు వేసేవాడు. "దీనికి పది. ఇది బాగా పొడుగ్గా ఉంది, దీనికి ఇరవై." కానీ ఏటా విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకున్నాక, ఈస్టరు దాకా నలభై రోజులు ఆ మనిషి వేరు. కాలనీలో ఆ రోజుల్ని తవకాలం అంటారు. తవకాలంలో తంగరాజు చుక్క ముట్టడు. మాంసం తినడు. కాలికి చెప్పు తొడగడు. బ్రాందీ షాపు ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతాడు. "దేవుడు నమ్ముతాడు గానీ నా కాళ్ళని నేను నమ్మను" అని నవ్వేవాడు.

ఈ సంగతి కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు. రోడ్డు దాటితే ఎవరికీ తెలియదు. పెరటాసి నెల శనివారాలు పెరుమాళ్ళకు నిష్ఠగా ఉపవాసముండే వాసుదేవ ఇంట్లో ఎవరికీ, తమ చేలో నీళ్ళు కట్టే వాడికి కూడా ఒక వ్రతం ఉంటుందన్న ఊహే రాలేదు.

ఎస్తేరు ప్లస్ టూ పరీక్షలు రాస్తున్న మార్చి నెల. తవకాలంలో రెండో శుక్రవారం. తెల్లవారి అయిదున్నరకు మోటారు వెయ్యడానికి పోయిన తంగరాజు చెరకు గట్టు మీద పడి చచ్చిపోయి ఉన్నాడు. పక్కన బ్రాందీ సీసా. చొక్కా నిండా ఆ వాసన.

"తాగి, తడి చేత్తో స్టార్టరు పెట్టె ముట్టినాడు. మనమేం చేస్తాం, వాని తలరాత" అన్నాడు వాసుదేవ. వచ్చిన పోలీసులు అదే రాసుకున్నారు. ఆస్పత్రి కాగితంలో కరెంటు షాకు అని ఉంది. ఎక్కడ తగిలిందని ఎవరూ అడగలేదు.

శవానికి స్నానం చేయిస్తూ చెంచమ్మ కూతుర్ని పిలిచింది.

"చేతులు చూడమ్మే. ఏమైనా ఉండాదా?"

ఏమీ లేదు.

"ఇప్పుడు కాళ్ళు చూడు."

రెండు మోకాళ్ళ కింద, ఎముక మీద, ఒకే ఎత్తున నల్లటి గీత. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

అడవిపందులు చెరకు తొక్కేస్తున్నాయని వాసుదేవ చేను చుట్టూ కరెంటు తీగ కట్టించాడని తంగరాజు ఇంట్లో చెప్పి ఉన్నాడు. అది తప్పుడు పనని అందరికీ తెలుసు. "రేత్రంతా వేసిపెడతారు. అయిదుకి ఆపేస్తారు. నేను పోయేది అయిదున్నరకి గదా, నాకేం?" అన్నాడు. పోలీసులు వచ్చేసరికి చేను చుట్టూ తీగ లేదు. గుంజల గుంతలు మాత్రం ఉన్నాయి. వట్టికాళ్ళతో తడి నేల మీద నడిచిన మనిషిని ఆ తీగ ఎంతసేపు వదలలేదో ఎస్తేరు లెక్క వేసుకోగలదు. సమాధి చేసిన నాలుగో రోజు ఫిజిక్సు పరీక్షలో విద్యుత్తు మీద అయిదు మార్కుల ప్రశ్న వచ్చింది. రాసింది. అయిదుకు అయిదూ వచ్చాయి.

చావు కన్నా ఆ సీసా ఆమెను కాల్చింది. చావు ఎవరికైనా వస్తుంది. తవకాలంలో తాగి చచ్చినవాడన్న మాట మాత్రం తంగరాజుకు రాకూడదు. ఊళ్ళో ఆ మాట నిలిచిపోయింది. బస్సులో, రేషను షాపు దగ్గర, "తాగి కరెంటు ముట్టి పోయినాడే, ఆయప్ప కూతురు" అనేవాళ్ళు. ఒకరోజు చెంచమ్మ వాసుదేవ వాకిట్లోకి పోయి, చెప్పులు చేతిలో పట్టుకుని, "అయ్యా, ఆయన తాగలేదు అని మీరు ఒక్క మాట చెప్తే చాలయ్యా" అని అడిగింది. వాసుదేవ పళ్ళు కుట్టుకుంటూ, "సరి సరి, పో. తాగుబోతోనికి సర్టిఫికేటా?" అన్నాడు.

తాగలేదన్న మాట వాసుదేవ ఇంటి నుంచే రావాలి, నలుగురి ముందు రావాలి. ఎస్తేరు అప్పుడే అనుకుంది.

*

తిరువళ్ళూరు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ తీసుకుంది. కాలనీ నుంచి బస్సులో తిరుత్తణి, తిరుత్తణి నుంచి లోకల్ రైలు, తిరువళ్ళూరులో దిగి మళ్ళీ బస్సు. నాలుగేళ్ళు అంతే. రైల్లో పూలమ్మేవాళ్ళు, ఆడి కృత్తిక పండగకు కావళ్ళు మోసుకొచ్చే భక్తులు, ఫ్యాక్టరీ యూనిఫారాలు. ఆ ఒత్తిడిలో నిలబడి ఎర్తింగు గురించి, తీగకు మనిషి తగిలితే అర క్షణంలో కరెంటు తెంచే పరికరాల గురించి చదివేది. కాలేజీ తర్వాత ఒక కారు విడిభాగాల ఫ్యాక్టరీలో రెండేళ్ళు మెయింటెనెన్సు పని చేసింది. అక్కడి కొరియా ఇంజనీర్ల దగ్గర నాలుగు ముక్కల భాష పట్టుకుంది. విద్యుత్ భద్రత మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసరుకు ఉత్తరం రాసింది. స్కాలర్‌షిప్పు వచ్చింది. దక్షిణ కొరియాలో దేగు నగరం.

"అంత దూరం పోయి ఏం చదువుతావే?" అంది చెంచమ్మ.

"నాయిన ఎట్ట చచ్చినాడో చదువుతా."

సెప్టెంబరులో దిగింది. వీధుల్లో జింకో చెట్ల కింద రాలిన కాయల కంపు. గది తలుపు దగ్గర చెప్పులు విప్పడం ఆమెకు కొత్త కాదు గానీ, ల్యాబులో కూడా విప్పి వేరే చెప్పులు తొడుక్కోవడం కొత్త. పెద్దవాళ్ళకు ఏది ఇచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి. ఏది పుచ్చుకున్నా రెండు చేతులతో. పెద్దవాడు చెంచా ఎత్తాకే చిన్నవాడు తినాలి. ఇవన్నీ రెండు వారాల్లో పట్టుబడ్డాయి. మూడో వారంలో అసలు సంగతి అర్థమైంది: అక్కడ పెద్ద చిన్న తేల్చేది ఎవరు ముందు చేరారన్న ఒక్క లెక్క. ముందు చేరినవాడు సన్బే. వెనక చేరినవాడు హుబే. హుబే సన్బేకి వంగి దండం పెట్టాలి, నీళ్ళు పోయాలి, చెంచాలు సర్దాలి, కప్పులు కడగాలి. పేరు పెట్టి పిలవకూడదు. నీ తాత ఎన్ని ఎకరాలవాడని ఎవరూ అడగరు. ఎస్తేరు ఆ ల్యాబులో అందరికన్నా హుబే. ఆరు నెలలు కప్పులు కడిగింది. కష్టమనిపించలేదు. ఈ ఊడిగానికి ఒక గడువుంది, అదే దాని అందం.

నవంబరులో ప్రొఫెసరు తల్లి ఇంట్లో చలికాలం క్యాబేజీ ఊరగాయ పెట్టారు. మోచేతుల దాకా ఎర్ర గ్లవ్సు వేసుకుని, ఆకు ఆకుకూ కారం పూస్తూ, ఎస్తేరు కారం తగ్గిందని చెప్పింది. ముసలామె పడీపడీ నవ్వి ఇంకో దోసెడు వేసింది. ఒక సెలవు రోజున బస్సెక్కి గ్యోంజు పోయింది. ఊరి నడుమ గుట్టల్లా ఆకుపచ్చటి దిబ్బలు. పూర్వపు రాజుల సమాధులట. గడ్డి ఒత్తుగా, సమంగా, నిన్న మంగలి కత్తిరించినట్టు ఉంది. పిల్లలు పక్కనే కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకుని తింటున్నారు. చచ్చినవాళ్ళ గడ్డి గురించి ఇంత శ్రద్ధ. తంగరాజు సమాధి మీద, కాలనీ మాటలో కల్లర మీద, ముళ్ళకంప మొలిచి ఉంటుంది. తల్లి ఒక్కతే ఎంతని పీకుతుంది?

ఆ చలికాలంలోనే ఫోను వచ్చింది. వాసుదేవ మనవడు, మహేంద్ర. ఎస్తేరు వయసువాడే. అదే ఏడు ప్లస్ టూ రాశాడు.

"నువ్వు యాడుండావో ఊరంతా చెప్పుకుంటాండారు ఎస్తేరూ. తాత గూడా అడిగినాడు. నేనూ ఎలక్ట్రికలే గదా. మీ ప్రొఫెసరుకి ఒక మాట చెప్తే..."

కాలనీ పిల్ల పోయినచోటికి మనోడు పోలేడా అని ముసలాయన రోషపడ్డాడని తర్వాత చెంచమ్మ చెప్పింది. ఎస్తేరు మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు ప్రొఫెసరు దగ్గరికి పోయి, మా ప్రాంతం అబ్బాయి, మంచి మార్కులు, తీసుకోవచ్చు అని చెప్పింది. ప్రేమతో చెప్పలేదు. చేప తానుగా ఒడ్డుకొస్తే గాలం ఎందుకు?

*

మార్చిలో మహేంద్ర వచ్చాడు. ల్యాబులోకి వచ్చీ రాగానే, "ఏం ఎస్తేరూ, బాగుండావా? మనూరోళ్ళు కనబడితే ప్రాణం లేచొచ్చినట్టు ఉండాది" అన్నాడు.

"మనూరా?" అంది ఎస్తేరు. "మీది ఊరు. మాది కాలనీ. రెండూ ఎప్పుడు కలిసినాయి? నేను చూడలేదే."

అతను నవ్వాడు. ఎస్తేరు నవ్వలేదు.

"ఇక్కడ నన్ను సన్బేనిం అనాల. తెలుగులో అయితే అక్కా అను. మీరు అని మాట్లాడు. అదిగో సింకు, కప్పులు కడగాల్సింది హుబే."

"తమాషా చేస్తాండావా?"

"చేస్తాండారా," అని సరిదిద్దింది.

అతను చుట్టూ చూశాడు. కొరియా కుర్రాళ్ళు తలలు ఊపారు: అంతే మరి, రివాజు. వాసుదేవ మనవడు చొక్కా చేతులు మడిచి తంగరాజు కూతురు తాగిన కప్పు కడిగాడు. మర్నాడు కడిగాడు. వేసవి దాకా కడిగాడు. కప్పు సరిగ్గా కడిగాడో లేదో ఎస్తేరు రోజూ వెలుతురుకు ఎత్తి చూసేది. రెండు చేతులతో ఇవ్వకపోతే తీసుకునేది కాదు, అట్లాగే నిలబెట్టేది. చెంచమ్మ చేతిలో చెప్పులు పట్టుకుని నిలబడినంతసేపు అని ఆమె లెక్క.

ల్యాబు లోపల హై వోల్టేజి పరీక్షల కోసం ఇనుప వల గది ఒకటి ఉంది. లోపలికి పోయి పరీక్ష ముక్క మార్చి రావడం హుబే పని. బయట మీట దగ్గర నిలబడటం సన్బే పని. లోపలికి పోయేవాడు ముందు మీట కిందికి దించి, తన పేరు రాసిన ఎర్ర తాళం దానికి వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని పోవాలి. బయటికొచ్చి తనే తీసుకోవాలి. ఇంకొకడు ముట్టకూడదు. ఎంత నమ్మకమున్నా, ఎవడి ప్రాణం తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి. మొదటిసారి ఈ నియమం విన్నప్పుడు ఎస్తేరు బాత్రూములోకి పోయి ఏడ్చింది. ఇంత చిన్న తాళం.

ఒక మధ్యాహ్నం మహేంద్ర తాళం వేసి లోపలికి పోబోతుంటే ఊరికే అడిగినట్టు అంది: "ఎన్ని గంటలకి ఆపాల చిన్నయ్యా? అయిదుకా?"

అతని చేతిలో ముక్క జారి కింద పడింది.

గుచ్చుకోవాలనే అంది గానీ, అంత లోతుకు దిగుతుందని ఆమె అనుకోలేదు. అతని మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ తెల్లవారి మీట ఆపనిది ఆ ఇంట్లో ఎవరో ఒకరని ఇన్నాళ్ళూ అనుకుంది. ఎవరో ఇప్పుడు తెలిసింది. రుజువు లేదు. రుజువు అతని నోట్లో ఉంది, లాగాలి.

ఆ రోజు నుంచి అతను లోపలికి పోయిన ప్రతిసారీ అదే మాట అడిగింది. గొంతు పెంచేది కాదు. "అయిదుకా?"

*

వాళ్ళ పంటల పండగ చుసోక్. దానికి ముందు వారాల్లో కుటుంబాలు పెద్దల సమాధుల మీద గడ్డి కోస్తాయి. కోయకుండా వదిలేస్తే ఆ ఇంటికి అంతకన్నా సిగ్గు లేదు. ప్రొఫెసరు తమ్ముడికి నడుం పట్టేసింది. మీరిద్దరూ పల్లెటూరి పిల్లలేగా, సాయం వస్తారా అని ప్రొఫెసరు అడిగాడు. దేగు నుంచి గంటన్నర కారు ప్రయాణం. వెల్లుల్లి పండించే పల్లె, పైన్ చెట్ల గుట్ట, దాని మీద ఆయన తండ్రి సమాధి, చిన్న మట్టి దిబ్బ. ముసలామె పైన్ ఆకుల మీద ఉడికించిన బియ్యప్పిండి ఉండలు కట్టిచ్చింది. లోపల నువ్వులు, బెల్లం రుచి. మన కుడుములకు దూరపు చుట్టాలు.

చుట్టూ మిషనుతో కోశారు. రాతి పలక దగ్గర కొడవలితోనే కోయాలట. ప్రొఫెసరు ఇద్దరికీ తలా ఒకటి ఇచ్చాడు. ఎస్తేరు కూర్చుని, గడ్డి పిడికిలి పట్టి, మూడు లాగుల్లో ఒక వరస తేల్చింది. మహేంద్ర కొడవలిని పెన్ను పట్టినట్టు పట్టుకున్నాడు. నూట ఇరవై ఎకరాల చెరకు తోట వారసుడు. ప్రొఫెసరు నవ్వు ఆపుకోలేక, "మీ ఇద్దరిలో రైతుబిడ్డ ఎవరు?" అని అడిగాడు.

"ఆయన," అంది ఎస్తేరు. "నేను కూలోని బిడ్డని."

గడ్డి అయ్యాక పళ్ళు, ఎండు చేప పెట్టి, బియ్యంతో చేసిన తెల్లటి కల్లు గిన్నెలో పోసి సమాధి మీద చల్లి, నేలకు నుదురు ఆనించి మొక్కారు. ఎస్తేరు చేతులు కట్టుకుని తన ప్రార్థన తను చేసుకుంది. ప్రొఫెసరు ఏమీ అనుకోలేదు. మా నాన్న విదేశీయుల్ని చూడకుండానే పోయాడు, నీ చేత్తో పొయ్యి అని మహేంద్రకు గిన్నె ఇచ్చి, సామాన్లు సర్దడానికి కారు దగ్గరికి దిగాడు. మహేంద్ర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాడు.

ఎస్తేరు వెనక నిలబడి ఉంది.

"మా నాయినకి గూడా పోసినావు గదా," అంది. "అప్పుడు ఎన్ని చేతుల్తో పోసినావు?"

గిన్నె ఒరిగింది. కల్లు అతని మణికట్టు మీదుగా మోచేతికి కారింది. అతను గిన్నె పలక మీద దించాడు.

"నోట్లో పొయ్యలేదక్కా," అన్నాడు. "చొక్కా మీద పోసినా. ఒక చేత్తోనే. రెండో చేత్తో ముక్కు మూసుకోనుంటి."

పైన్ చెట్లలో గాలి. కింద ఎక్కడో కారు డిక్కీ మూసిన చప్పుడు.

"మీట ఎవరు ఆపాల ఆ రోజు?"

"నేనే. చదువుకోనీకి అయిదుకి లేస్తా గదా, నేనే ఆపేది. ఆ రోజు నిద్ర పట్టేసినాది. తాత లేపినాడు. అప్పటికే... తీగ చుట్టమన్నాడు, చుట్టినా. బీరువాలో సీసా తెచ్చి పెట్టమన్నాడు, పెట్టినా. నాకు పదిహేడేళ్ళక్కా."

"నాకూ పదిహేడే."

అతను ఏడ్చాడు. ఎస్తేరు అతని ఏడుపు చూసింది, దాహమైనవాళ్ళు చెంబులోకి చూసినట్టు. చాల్లేదు.

"అది తవకాలం," అంది. "తవకాలంలో ఆయన తాగడు. మీ ఇంటి ముందు ఇరవై రెండేళ్ళు వట్టికాళ్ళతో నడిచినాడు. ఒక్క ఏడన్నా ఏంది తంగరాజూ, చెప్పులు యాడ అని అడిగినారా? అడిగుంటే సీసా పెట్టకుండా ఇంకేదన్నా పెట్టుందురు."

సోమవారం ల్యాబులో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె మీట దగ్గర నిలబడి చెయ్యి చాపింది.

"నీ తాళం ఇయ్యి."

"ఎందుకక్కా?"

"తాళం లేకుండా లోపలికి పో. నేను ఇక్కడ నిలబడుంటా. మా నాయిన మీ ఇంటిని నమ్మి నడిచినట్టు నువ్వు నన్ను నమ్మి నడువు. అవతలి గోడ ముట్టి వస్తే సరి, ఇంక నేను ఏమీ అడగను. పోలేవా, అయితే నవంబరు రెండో తేదీ కల్లరల పండగ. మా కాలనీకి రా. చర్చి మైకులో జరిగింది జరిగినట్టు చెప్పు. రెంట్లో ఏదో నువ్వే ఎంచుకో."

మహేంద్ర తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వల తలుపు తెరిచాడు. ఒక కాలు లోపల పెట్టాడు. మెడ మీద చెమట వెలుగుతోంది. ఎస్తేరు చెయ్యి మీట మీద ఉంది. కళ్ళు అతని కాళ్ళ మీద ఉన్నాయి, మోకాళ్ళ కింద, గీత పడే చోట. ఆ రోజు ఆ గదికి సరఫరా ఉందో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లికి కూడా.

రెండో కాలు లోపల పెట్టలేకపోయాడు.

"వస్తా," అన్నాడు. "ఊరికి వస్తా. చెప్తా. తాత సచ్చిపోతాడేమో అక్కా."

"మా నాయిన సావలా?"

తండ్రి సమాధికి గడ్డి కోయాలి, వారం సెలవు కావాలి అని అడిగితే ప్రొఫెసరు ఇంకో మాట లేకుండా సంతకం పెట్టాడు. మహేంద్ర కూడా అదే కారణం చెప్పాడు. ఎవరి సమాధి అని ఆయన అడగలేదు.

*

నవంబరు రెండు. రాత్రి వాన పడి ఏటి గట్టున శ్మశానం మెత్తగా ఉంది. కల్లరలకు కొత్త సున్నం, బంతిపూలు, కొవ్వొత్తులు. కాలనీ అంతా అక్కడే. తంగరాజు కల్లర ఒక్కటే ముళ్ళతో, మోకాలెత్తు గడ్డితో అట్లాగే ఉంది. ఈ ఏడు ముట్టద్దని తల్లికి ఎస్తేరు ముందే చెప్పింది.

మహేంద్ర నడిచి వచ్చాడు. వెనక రోడ్డు మీద వాసుదేవ కారు వచ్చి ఆగింది. అద్దాలు ఎత్తే ఉన్నాయి. ఆపడానికి వచ్చాడో, వినడానికి వచ్చాడో. కారు దిగి శ్మశానంలోకి మాత్రం రాలేదు.

ఎస్తేరు కొడవలి ఇచ్చింది. రెండు చేతులతో పుచ్చుకున్నాడు. అది అలవాటైపోయింది.

"ముందు గడ్డి. తర్వాత మాట."

కూర్చుని కోయడం మొదలుపెట్టాడు. రోడ్డుకు అవతలి ఇంటి బిడ్డ కాలనీ కల్లర మీద గడ్డి కోయడం ఆ నేల ఎన్నడూ చూడలేదు. ఎవరో కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తారు. "ఏందిరా, చిన్నయ్యకి కూలి ఎంతంట?" అని ఒకడు నవ్వాడు. కొడవలి జారి మడమ పక్కన దిగింది. అప్పుడు చెంచమ్మ లేచింది. వంగి అతని మణికట్టు పట్టుకుని తిప్పింది.

"కాలు తెగతాది నాయినా. ఇట్ట పట్టుకో."

ఎస్తేరుకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మా, నువ్వు సుమ్మా ఉండు, ముట్టద్దు!" అని అరిచింది. చెంచమ్మ కూతురి వంక చూసి, చెయ్యి తీసి, మళ్ళీ పోయి కూర్చుంది.

ఫాదర్ చర్చి నుంచి తీగ లాగిన మైకు ఇచ్చాడు. మహేంద్ర దాన్నీ రెండు చేతులతో పుచ్చుకున్నాడు.

"తంగరాజన్న తాగలేదు. మా పందుల తీగ తగిలి సచ్చిపోయినాడు. మీట ఆపాల్సింది నేను, ఆపలేదు. సీసా పెట్టింది నేను. పెట్టమనింది మా తాత."

చర్చి కప్పు మీద కట్టిన హారన్లు రెండు పక్కలా తిరిగి ఉన్నాయి. ఊరి వైపు ఒకటి, కాలనీ వైపు ఒకటి. ఎస్తేరు ముందు రోజు తనే నిచ్చెనెక్కి తిప్పింది. ఏటి అవతల దాకా ఆ మాట పోయింది. చెంచమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చినట్టు లేదు, నవ్వినట్టూ లేదు. కల్లర రాతి మీద అరచెయ్యి పెట్టి, "వింటివా?" అంది.

ఎస్తేరు సంచిలోంచి సీసా తీసింది. అదే రకం బ్రాందీ. మూత తిప్పి మహేంద్రకు ఇచ్చింది. కాలనీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫాదర్ ఏదో అనబోయాడు.

"పొయ్యి. రెండు చేతుల్తో. ఇప్పుడు తవకాలం కాదు, మా నాయిన తాగచ్చు."

పోశాడు. తడి మట్టి గటగటా తాగేసింది. అంతమందిలో ముందు నవ్వింది చెంచమ్మే, కళ్ళనీళ్ళతో. "అదీ ఆయన," అంది. "చూడు, మిగల్చలేదు."

ప్రార్థన మొదలైంది. క్షమాపణ వాక్యం దగ్గర ఎస్తేరు పెదాలు బిగించుకుని రోడ్డు వైపు నడిచింది. కారు అద్దం మీద వేలితో కొట్టింది. అద్దం దిగింది. వాసుదేవ బాగా ముసలాడైపోయాడు. చెవుల్లో వెంట్రుకలు తెల్లబడ్డాయి.

"తృప్తేనా?" అన్నాడు. "ఎనభై రెండేళ్ళోణ్ణి. ఇంగ నన్ను ఏం చేస్తావు? కేసు పెడతావా?"

"పెట్టచ్చయ్యా. మీ మనవడు చెప్పిందంతా ఫోన్లో ఉండాది. కొరియాలో గుట్ట మీద చెప్పింది లేదు గానీ, ఇప్పుడు చెప్పింది ఉండాది. పెడతానో పెట్టనో, ఎప్పుడు పెడతానో, మీకు చెప్పను." ఆమె వంగి కిటికీలోకి చూసింది. "ఆ పందుల తీగ మాదిరే అనుకోండి. కరెంటు ఉండాదో లేదో మీకు తెలియకూడదు. తెలియకుండానే దినామూ నడవాల."

ముసలాయన డ్రైవరు భుజం తట్టాడు. డ్రైవరు అద్దం ఎత్తాడు.

వెనక్కి వచ్చేసరికి మహేంద్ర చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ కొడవలి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు. గడ్డి ఎగుడుదిగుడుగా, ఎలకలు కొరికినట్టు ఉంది. చెంచమ్మ సరిచేయబోతే ఎస్తేరు ఆపింది.

"ఉండనీ. సరిగ్గా రాలేదు గదా. వచ్చే ఏడు మళ్ళీ వచ్చి కొయ్యాల."

"ఎన్నేళ్ళు?" అన్నాడు మహేంద్ర.

"నాయిన మీ చేలో ఎన్నేళ్ళు నీళ్ళు కట్టినాడు?"

అతను కొడవలి రెండు చేతులతో ఆమెకు చాపాడు. ఎస్తేరు కొడవలి తీసుకుని, గడ్డితో తుడిచి, సంచిలో పెట్టుకుంది.